దారి పక్క నిలబడి చూసే పందెం

సభకు నమస్కారం.

సైకిల్ పందెం చూసి వచ్చానని చెప్పినప్పుడల్లా నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "ఎంతసేపు కనబడ్డారు?" 2022 జూలై 14న టూర్ ద ఫ్రాన్స్ అనే సైకిల్ పందెం చూడడానికి ఫ్రాన్స్‌లోని ఆల్ప్ దుయేజ్ కొండ దారిలో నేను ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఏడు దాకా ఉన్నాను. అందులో పందెం నా కళ్ళముందున్న సమయమంతా కూడదీసినా పావుగంటకు మించదు. ఈ లెక్క విని మా ఇంట్లో నవ్వారు. నవ్వవలసిన లెక్కే. అయినా మళ్ళీ అవకాశం వస్తే మళ్ళీ వెళ్తాను. ఎందుకు వెళ్తానో చెప్పడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

అప్పట్లో నేను ఉద్యోగరీత్యా గ్రెనోబుల్ నగరంలో ఉండేవాణ్ణి. అక్కడికి దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో, కొండల నడుమ, బూర్ ద్వాజాన్ అనే చిన్న ఊరుంది. ఆ ఊరు దాటగానే దారి ఒక్కసారిగా నిక్కుకుంటుంది. అక్కడి నుంచి పైనున్న ఆల్ప్ దుయేజ్ దాకా 13.8 కిలోమీటర్లు, సగటున నూరు మీటర్లకు ఎనిమిది మీటర్ల ఎత్తు, 21 మలుపులు. తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కినవారికి ఆ మలుపుల తీరు వేరే వర్ణించనక్కర్లేదు. మలుపులకు అంకెలు తలకిందులుగా వేశారు: కింద 21తో మొదలై పైన 1తో ముగుస్తాయి. ఒక్కొక్క మలుపు దగ్గర ఆ కొండ మీద గెలిచినవారి పేరుతో పలక ఉంటుంది. 1952లో మొదటిసారి టూర్ ద ఫ్రాన్స్ ఈ కొండెక్కినప్పుడు గెలిచిన ఇటలీ వీరుడు ఫౌస్టో కొప్పీ పేరు 21వ మలుపు దగ్గర చూశాను. విజేతలు మలుపులకన్నా ఎక్కువైపోయాక మళ్ళీ కింది నుంచి రెండో పేరు చేర్చడం మొదలుపెట్టారు.

ఈ పందెం 1903లో ఒక పత్రిక అమ్మకాలు పెంచడానికి పుట్టింది. లోటో అనే క్రీడా దినపత్రిక, దాని సంపాదకుడు ఆన్రీ దెగ్రాంజ్ కలిసి దేశం చుట్టూ 2,428 కిలోమీటర్ల దారి గీసి, ఆరు అంచెలుగా విడగొట్టి, 60 మందిని బయలుదేరదీశారు. చివరిదాకా మిగిలింది 21 మంది. గెలిచినవాడు మోరిస్ గరాన్. అప్పటికే నగరాల్లో గుండ్రటి చెక్క బాటల మీద, టికెట్టు కొని కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా చూసే సైకిల్ పందేలు ఉన్నాయి. దెగ్రాంజ్ స్వయంగా ఆ బాటల మీద తొక్కినవాడే. దారి మీది పందెం దానికి పూర్తిగా తిరగబడ్డ ఏర్పాటు. టికెట్టు లేదు, కుర్చీ లేదు, చూసేవాడికి దొరికేది ఒక ముక్క మాత్రమే. మిగతా కథ కావాలంటే మర్నాడు పత్రిక కొనుక్కోవాలి. ఆ అసంపూర్ణత్వంలోనే వ్యాపారం ఉంది. నాకు ఇందులో మన ఉత్సవ సంప్రదాయం కూడా కనబడుతుంది. మూలవిరాట్టును చూడాలంటే గుడికి మనం వెళ్ళాలి. ఉత్సవమూర్తి మన వీధిలోకే వస్తాడు, గడప ముందు ఆగేది కాసేపే, అయినా ఆ కాసేపటి కోసం పొద్దున్నే కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టుకుంటాం. ఫ్రాన్సు పల్లెల్లో పందెం వచ్చే రోజున ఇళ్ళ ముందు పాత సైకిళ్ళకు పసుపు రంగు వేసి వేలాడదీస్తారు. దెగ్రాంజ్ పత్రిక పసుపు కాగితం మీద అచ్చయ్యేది. 1919 నుంచి, అన్ని అంచెల సమయం కలిపి చూస్తే పందెంలో ముందున్నవాడికి ఇచ్చే చొక్కా రంగూ అదే.

ఇక నిరీక్షణ సంగతి. ఆ రోజు నేను వెళ్ళేసరికే కార్లకు దారి మూసేశారు. కాలినడకన ఎక్కాను. అప్పటికే రోజుల తరబడి అక్కడ మకాం వేసిన ఇంటిబళ్ళు దారి పొడవునా ఉన్నాయి. వాటి నీడలో మడత బల్లలు, రొట్టె, జున్ను, పేకముక్కలు. ఏడో మలుపును డచ్చివాళ్ళ మలుపు అంటారు, ఎందుకంటే ఆ కొండ మీద జరిగిన మొదటి 14 ముగింపుల్లో ఎనిమిది నెదర్లాండ్స్ వాళ్ళే గెలిచారు. నారింజరంగు చొక్కాలు, డప్పులు, బీరు, నేల కనబడనంత జనం. అక్కడి గోల నాకు పడదని తెలిసి, 12వ మలుపు పైన ఒక రాతిగోడ పక్కన చోటు చూసుకున్నాను. నా పక్కన ఒక ముసలి దంపతులు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఆయన ఒళ్ళో చిన్న రేడియో, ఆవిడ చేతిలో ఊలు అల్లిక. నేను ఇండియా నుంచి వచ్చానని తెలిసి, "మీ దేశంలో పర్వతాలు ఇంతకన్నా పెద్దవి కదా, ఇక్కడికెందుకు వచ్చారు?" అని ఆయన అడిగాడు. నా దగ్గరున్న అరకొర ఫ్రెంచిలో దానికి జవాబు లేదు.

పందేనికి దాదాపు రెండు గంటల ముందు ప్రచార శకటాలు వస్తాయి. 1930లో దెగ్రాంజ్ కంపెనీల జట్లను తీసేసి జాతీయ జట్లను పెట్టాడు. దాంతో రైడర్ల తిండి, బస, రవాణా ఖర్చు తన నెత్తిన పడింది. ఆ ఖర్చు రాబట్టడానికి ప్రకటనదారుల బళ్ళను పందెం ముందు నడిపించాడు. ఇప్పుడవి కిలోమీటర్ల పొడవున సాగే ఊరేగింపు. బండి మీది నుంచి టోపీలు, తాళపుగొలుసులు, బిస్కెట్ పొట్లాలు విసురుతారు. ఏ మాత్రం విలువ లేని ఒక గళ్ళ టోపీ కోసం పెద్ద పెద్ద ఉద్యోగస్తులు పిల్లల్ని మోచేత్తో నెట్టడం నేను చూశాను. నేనూ ఒకటి పట్టుకున్నాను. అది ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

చదునైన నేల మీద ఈ పందెం చూడడం నిరాశే మిగులుస్తుందని ముందే చెప్పాలి. గంటకు 45 కిలోమీటర్ల వేగంలో రైడరు బలంలో అధికభాగం గాలిని చీల్చడానికే పోతుంది. ముందువాడి వెనక దాక్కున్నవాడికి ఆ శ్రమ బాగా తగ్గుతుంది కాబట్టి అందరూ ఒక్క ముద్దగా సాగుతారు. పెలోటాన్ అని పిలిచే ఆ గుంపు మనల్ని దాటడానికి పది పదిహేను సెకన్లు చాలు: ఒక రంగుల గాలివిసురు, గొలుసుల కరకర, అంతే. కొండ మీద వేగం గంటకు 20 కిలోమీటర్లకు పడిపోతుంది. అక్కడ శత్రువు గాలి కాదు, ఒంటి బరువు. వెనక దాక్కుంటే కలిసొచ్చేది కొద్దిగానే. గుంపు విడిపోతుంది, ఒక్కొక్కడి ముఖం విడిగా కనబడుతుంది, మొదటివాడికీ చివరివాడికీ మధ్య అరగంటకు పైగా ఎడం వస్తుంది. జనం కొండలకు ఎగబడడంలో ప్రకృతి సౌందర్యం వాటా తక్కువ, ఈ లెక్క వాటా ఎక్కువ.

రాక మొదట చెవికి తెలుస్తుంది. లోయలో హెలికాప్టర్ చప్పుడు వినబడగానే అల్లిక పక్కన పెట్టి ఆవిడ లేచింది. తర్వాత పోలీసు మోటారుసైకిళ్ళు, ఈలలు, ఎర్ర కారు. దాని వెనక ఖాళీ ఉండాల్సిన చోట ఖాళీ ఉండదు. దారి నిండా మనుషులే. కారు వస్తూంటే ఆ జనం రెండుగా చీలి, అది దాటగానే మళ్ళీ మూసుకుంటారు. రైడరు ముందుకు వచ్చేదాకా అతనికి దారి కనబడదు, అయినా వస్తాడు, ఎందుకంటే చివరి క్షణంలో అందరూ ఒక అడుగు వెనక్కి వేస్తారని అతనికి నమ్మకం. ఆ కొండ దారిలో చాలా మేర కంచె ఉండదు. క్రికెట్టులో బౌండరీ తాడు ఉంటుంది, కబడ్డీలో గీత ఉంటుంది. ఇక్కడ గీత మనమే. నాకు తెలిసిన వేరే ఏ ఆటలోనూ ప్రేక్షకుడి మీద ఇంత బాధ్యత పెట్టలేదు, ఇంత తేలిగ్గానూ పెట్టలేదు.

ఆ నమ్మకం వమ్మయిన రోజులూ ఉన్నాయి. రెండో ఏడాది, అంటే 1904లోనే, సెంటెతియెన్ దగ్గరి కొండ మీద తమ ఊరివాణ్ణి గెలిపించడానికి జనం మిగతా రైడర్ల మీద పడి కొట్టారు. 1950లో పిరనీ పర్వతాల్లో ఇటలీవాళ్ళ మీద జనం దురుసుగా ప్రవర్తిస్తే, పసుపు చొక్కా తొడుక్కున్న మాన్యీతో సహా ఇటలీ జట్లు ఇంటికి వెళ్ళిపోయాయి. 1975లో పుయ్ ద దోమ్ శిఖరం దగ్గర ఒక ప్రేక్షకుడు బెల్జియం రైడరు ఎడ్డీ మెర్క్స్ డొక్కలో గుద్దాడు. ఆ తర్వాతి అంచెలో మెర్క్స్ పసుపు చొక్కా పోగొట్టుకున్నాడు, ఆ ఏడు టూర్ గెలవలేదు. ఓటమికి కారణం ఆ గుద్దేనని తేల్చి చెప్పలేం. కారణం కాదని చెప్పే ధైర్యమూ నాకు లేదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేవి మాత్రం ద్వేషంతో జరిగినవి కావు. 1999లో ఇదే ఆల్ప్ దుయేజ్ మీద జోసెప్పే గ్వెరీనీ గెలుపుకు చేరువలో ఉండగా, ఫోటో తీయడానికి ఒక కుర్రవాడు దారి మధ్యకు వచ్చి అతన్ని పడగొట్టాడు. గ్వెరీనీ లేచి, తొక్కి, గెలిచాడు. 2018లో అదే కొండ మీద, పొగబాంబుల మసకలో, ఇరుకైన చోట విన్చెంజో నిబాలీ పడ్డాడు. వెన్నుపూస విరిగింది, అయినా ముగింపు గీత దాకా తొక్కి, ఆ తర్వాత పందెం నుంచి తప్పుకున్నాడు. 2021లో మొదటి రోజే ఒక మహిళ తాతయ్యకూ నానమ్మకూ పలకరింపు రాసిన అట్టముక్కను టీవీ కెమెరా వైపు చూపిస్తూ పందేనికి వీపు పెట్టి నిలబడింది. టోనీ మార్టిన్ అనే రైడరు ఆ అట్టకు తగిలి పడితే వెనకున్న గుంపులో పెద్ద భాగం నేలకూలింది. కోర్టు ఆమెకు 1,200 యూరోల జరిమానా వేసింది. ఈ మూడింటిలో రెండు కెమెరాతో ముడిపడ్డవి. ఫోను తెరలో చూస్తున్నవాడికి ఎదురుగా వచ్చేది ఉన్నదానికన్నా దూరంగా కనబడుతుంది; కళ్ళతో చూస్తే వేయగలిగిన ఆ వెనకడుగు ఆలస్యమవుతుంది. ఆ రోజు నేను ఫోను జేబులో పెట్టుకున్నాను. నా దగ్గర ఒక్క ఫోటో కూడా లేదు, దానికి మా పిల్లలు ఇప్పటికీ నన్ను దెప్పుతారు.

సాయం చేయడమూ నేరమే కావచ్చు. 1913లో తూర్మలే కనుమ దిగుతూ ఎజెన్ క్రిస్తోఫ్ సైకిల్ ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు విరిగింది. ఇతరుల సాయం తీసుకోకూడదన్నది నియమం. సైకిల్ భుజాన వేసుకుని కిందనున్న సెంత్ మరీ ద కంపాన్ ఊరికి నడిచివెళ్ళి, కమ్మరి కొలిమిలో తానే ఫోర్కు అతుక్కున్నాడు. కొలిమి తిత్తి ఊదింది ఒక పిల్లవాడు; ఆ పాపానికి క్రిస్తోఫ్ ఖాతాలో అదనపు సమయం కలిపారు. నియమాలు చేసేవాళ్ళకు దారి పక్కవాడి మీద ఎప్పుడూ అనుమానమే. 2021లో రైడర్లు నీళ్ళ సీసాలను నిర్ణీత స్థలాల్లోనే పారేయాలని నియమం తెచ్చారు. చెత్త విషయంలో అది సబబే. కానీ ఆ ఏప్రిల్‌లో బెల్జియంలోని ఫ్లాండర్స్ పందెంలో జనం వైపు సీసా విసిరినందుకు మైకేల్ షేర్‌ను పందెం నుంచే తొలగించారు. 1997లో తాను పిల్లవాడిగా దారి పక్క నిలబడి టూర్ చూసినప్పుడు దొరికిన ఒక సీసా తన జీవితాన్ని ఎలా మలుపు తిప్పిందో అతను బహిరంగంగా రాశాడు. కొద్ది రోజుల్లోనే ఆ నియమంలోని శిక్షను సడలించారు. అతని ఉత్తరం వల్లే సడలించారో లేదో గాని, ఆ సీసా విలువ మాత్రం నాకు తెలుసు, నా గళ్ళ టోపీ సాక్షిగా.

దారి పక్క ఆరితేరినవాళ్ళు పందేన్ని గడియారంతో చూస్తారు. నా పక్కనున్న పెద్దాయన మొదటివాడు రాతిగోడ దాటిన క్షణం చూసుకుని, తర్వాతివాడు అదే రాతిని దాటేదాకా లెక్కపెట్టాడు. ఆ రోజు ఒంటరిగా ముందు వచ్చింది ఇంగ్లండుకు చెందిన 22 ఏళ్ళ టామ్ పిడ్‌కాక్. చెమట గడ్డం మీది నుంచి కారుతోంది, నోరు తెరిచి ఉంది, కళ్ళు మమ్మల్ని చూడడం లేదు. అతని వెనక మరికొందరు, ఆపైన పసుపు చొక్కాలో యోనాస్ వింగెగో, అతన్ని వదలకుండా తాడెయ్ పొగాచర్. ఈ సెకన్ల లెక్క వృథా అనుకుంటే 2024 ఆగస్టు 18ని చూడండి. మహిళల టూర్ ఇదే కొండ మీద ముగిసింది. ఆ రోజు అంచె గెలిచింది డెమి ఫొలెరింగ్, టూర్ గెలిచింది కాషా న్యెవియాదోమా, అన్ని అంచెల మొత్తం సమయంలో వాళ్ళిద్దరి తేడా నాలుగే నాలుగు సెకన్లు. మలుపు మలుపుకూ గడియారం పట్టుకుని నిలబడ్డవాళ్ళకు ఆ నాలుగు సెకన్లు పెరగడం, తరగడం కళ్ళముందే తెలిసివుంటుంది.

ముందువాళ్ళు వెళ్ళిపోగానే చాలామంది కిందికి నడవడం మొదలుపెడతారు. అది తప్పు. ఆఖరి గుంపును ఇటలీ మాటలో గ్రుపెట్టో అంటారు. చదును దారి చివర దూసుకుపోయే, బరువైన ఒళ్ళున్న స్ప్రింటర్లు, గాయపడ్డవాళ్ళు, తమ జట్టు నాయకుడి కోసం ముందే బలం ధారపోసినవాళ్ళు కలిసి, విజేత సమయానికి కట్టిన గడువులోపు చేరితే చాలన్నట్టు తొక్కుతారు. గడువు దాటితే మర్నాడు పందెంలో ఉండరు. వాళ్ళు మాటలాడుకుంటారు, ఒకడు నవ్వుతాడు, ఒకడు పెద్దావిడ అందించిన నీళ్ళు నెత్తిన పోసుకున్నాడు. ఆవిడ మధ్యాహ్నమంతా చప్పట్లు కొట్టలేదు, వీళ్ళకు కొట్టింది. అందరి వెనక వచ్చేది చీపురు బండి. 1910 నుంచి ఓపిక చచ్చినవాళ్ళను ఎక్కించుకుంటూ వస్తోంది.

ఆ బండి దాటాక దారి మళ్ళీ మామూలు దారి అయింది. దారి మీద జనం సున్నంతో రాసిన రైడర్ల పేర్లు అడుగుల కింద అరిగిపోయి ఉన్నాయి. నెట్‌వర్క్ లేక ఫోన్లు పనిచేయడం లేదు. పెద్దాయన రేడియోలో బ్యాటరీ అయిపోయింది. ఉదయం నుంచీ ఒక్క కొండ మీద అన్ని వేలమంది ఉన్నాం, ఎవరు గెలిచారో మా మలుపులో ఒక్కరికీ తెలియదు. పిడ్‌కాక్‌ను పైన ఎవరైనా అందుకున్నారా? కుర్చీ మడుస్తూ పెద్దాయన నన్నడిగాడు. "రేపు పొద్దున పేపర్లో చూద్దాం" అన్నాను. ఆయన పెద్దగా నవ్వి, మిగిలిన రొట్టెముక్క నా చేతిలో పెట్టాడు.


నమస్కారం.