ర్యాంకు సరే, గేదె పలుపు పట్టారా?

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసల్లోని బైపీసీ పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చెబితే ఉన్న టైమంతా అక్కడే పోతుంది, మన్నించాలి.

రేపు జూలై 6, జూనోసిస్ దినం, అంటే పశువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం. 1885లో ఆ రోజే పాశ్చర్ కుక్క కరిచిన కుర్రాడికి రేబిస్ టీకా వేయించాడు. నన్ను పిలిచింది రేబిస్ గురించి మాట్లాడమనే. వస్తాను, కాస్త ఆగండి.

వెటర్నరీ సీటు కోసం చూస్తున్నవాళ్ళు చేతులెత్తండి. సరే. గేదె పలుపు పట్టుకున్నవాళ్ళు తప్ప మిగతావాళ్ళు దించండి. అదీ సంగతి!

తిరుపతి వెటర్నరీ కాలేజీ అయినా రాజేంద్రనగర్‌ది అయినా సీటిచ్చేది ర్యాంకే. పశువుని ఎప్పుడైనా ముట్టుకున్నావా అని ఎవరూ అడగరు. అమెరికా కాలేజీలకు వెళ్ళేవాళ్ళు గంటలు లెక్కగట్టి రాయాలి. డాక్టరు దగ్గర పనిచేసినవి ఒక పద్దు, సొంతంగా పశువుల్ని సాకినవి ఇంకో పద్దు. ఇక్కడ అడగరు గనక ఎవరూ వెళ్ళరు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ళ చదువు. పేడ, చీము, రక్తం మనకు పడతాయో లేదో చేరకముందే చూసుకోవద్దూ?

కౌన్సెలింగ్ లోపు మీ మండలం పశువుల ఆసుపత్రికి పొద్దున్నే వెళ్ళండి. డాక్టరు గారిని అడిగి, మొదటి వారం ఓపీ రిజిస్టరు రాయండి. ఏ పశువు, ఎన్ని ఈతలు, ఎన్నో నెల చూడి, మేత ఎప్పటి నుంచి మానేసింది అనేవి రైతు నోట వినడమే సగం చదువు. తర్వాత మలద్వారంలో థర్మామీటరు పెట్టి జ్వరం చూడడం. గేదెకి చెప్పకుండా వెనక నుంచి వెళ్ళకండి. పక్కనుంచి పలకరిస్తూ, ఒంటి మీద చెయ్యి వేసి వెళ్ళాలి. థర్మామీటరుకు దారం కట్టి, క్లిప్పుతో తోక వెంట్రుకలకు తగిలించండి, లేకపోతే లోపలికి జారిపోతుంది. గుచ్చేది పేడలో కాదు, పేగు గోడకు ఆనాలి. పేడలో గుచ్చితే తప్పు అంకె వస్తుంది. ఆవుకి 101.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలు. ఎండలో కట్టేసిన గేదెకు ఎక్కువ చూపిస్తుంది, నీడకు తెచ్చి కాసేపాగి చూడండి. ఎడమ డొక్కలో పిడికిలి నొక్కిపెట్టి రెండు నిమిషాలు లెక్కించండి. పెద్దపొట్ట, అదే మేత నిలవుండే మొదటి పొట్ట, రెండు మూడుసార్లు కదలాలి.

ఇక మందు పట్టడం. అసలు మాట్లాడాలనుకున్నది ఇదే, రేబిస్ ఇంకాస్త ఆగాలి. ఇద్దరు పట్టుకుని, నాలుక బయటికి లాగి, మూతి ఆకాశానికెత్తి, వెదురు గొట్టంతో లీటరు మందు ఒక్కసారే దింపేస్తారు. నాలుక లాగితే మింగడం ఎలాగండీ? తల ఎత్తితే మందు గాలిగొట్టంలోకి పోతుంది. రెండో రోజో మూడో రోజో జ్వరం, ఎగశ్వాస, కంపుకొట్టే చీమిడి. రోగం ముదిరిందనుకుంటాడు రైతు. ముదిరింది రోగం కాదు, మనం పోసిన మందు! నూనె మరీ ప్రమాదం. గొంతులో గుచ్చదు, దగ్గు రాదు, చప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. తల వెన్ను ఎత్తుకు మించకూడదు. నాలుక వదిలేయండి. బుగ్గ సందులో కొద్దికొద్దిగా పోసి, మింగాకే ఇంకొంత. దగ్గితే వెంటనే ఆపి తల కిందికి వదలండి. ఈనాక పాలజ్వరంతో పడిపోయిన పశువుకి నోటి ద్వారా ఏదీ పోయకూడదు, మింగే శక్తి ఉండదు. మీరు ఊళ్ళోకి వెళ్ళి ఈ ఒక్కటి చెప్పినా చాలు, వెనక బెంచీ బాబూ, రాసుకో.

మీ చేతులూ జాగ్రత్త. ఈసుకుపోయిన దూడనీ, మాయనీ ఉత్త చేతుల్తో ముట్టకండి. పశువులు ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లా క్రిమి మనుషులకూ సోకుతుంది, నెలల తరబడి జ్వరం. చొంగ కారుస్తూ, మింగలేకపోతున్న పశువుని చూసి గొంతులో ఏదో అడ్డుపడిందని చెయ్యి పెట్టకండి. అది రేబిస్ కావచ్చు. అదిగో, చివరికి అక్కడికే వచ్చాం. కుక్క కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతో, పారే నీళ్ళ కింద కడిగి, అదే రోజు టీకాకు వెళ్ళాలి. పసుపు, కారం, సున్నం ఏవీ వద్దు. పశువుల దగ్గర పనిచేసేవాళ్ళు ముందుగానే వేయించుకునే డోసులూ ఉన్నాయి, డాక్టరుని అడగండి.

రేపు పొద్దున ఆసుపత్రిలో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. ముందుజాగ్రత్త డోసులు వేయించుకోనివాళ్ళు కుక్కల్ని పట్టుకోవద్దు, ఆ పని యజమానిది. మీకు రిజిస్టరు ఇస్తాం. చెప్పులు కాదు, బూట్లు వేసుకుని రండి. పెన్ను మర్చిపోవద్దు.