మీ అమ్మమ్మ రూపాయిలో వెండి కొట్టేసింది సేటు కాదు!

ఆగండాగండి, సేటుని తిట్టడం కాసేపు ఆపండి. పోయిన వీడియో కింద ఒకటే గొడవ: చెన్నై షావుకారుపేటలో సేటు 1919 రూపాయికి పూర్తి వెండి ధర కట్టాడట, 1943 రూపాయికి మాత్రం సగమే ఇస్తానన్నాడట, రెండూ తులం బరువే కదా, మోసం మోసం అని. సేట్లని వెనకేసుకు రావడం నాకేం సరదా కాదు, తరుగు పేరుతో వాళ్లేం చేస్తారో చెన్నైలో ఎవర్నడిగినా చెబుతారు. కానీ ఈ ఒక్క విషయంలో సేటు తప్పేం లేదు. అసలు దొంగ నాణెం మీదే ఉన్నాడు, కిరీటం పెట్టుకుని!

తెల్లదొరల కాలంలో, 1939 దాకా రూపాయి 11.66 గ్రాములు, అందులో 91.7 శాతం వెండి. 1940లో రెండో ప్రపంచ యుద్ధం పేరు చెప్పి దాన్ని 50 శాతానికి దించేశారు, మిగతాది 40 రాగి, 5 నికెల్, 5 జింకు. బరువు అదే, రాజు ముఖం అదే, విలువ అదే రూపాయి. ఒక్కో నాణెంలో దాదాపు అయిదు గ్రాముల వెండి గోవిందా! పైగా పాత మంచి రూపాయలు ఇక చెల్లవన్నారు. 1941లో విక్టోరియా బొమ్మ, తర్వాత ఎడ్వర్డ్, 1943 కల్లా పాత జార్జి రూపాయలూ ఔట్. మీరో నేనో వెండిలో రాగి కలిపితే జైలు, వాళ్లు కలిపితే చట్టసవరణ.

నా థియరీ చెప్తా, తిట్టుకున్నా ఫర్వాలేదు. ముఖం కావాలనే మార్చలేదు. మనం చూసేది బొమ్మనే కదా, అంచునెవడు చూస్తాడు? అసలు గుర్తు అంచులో ఉంది. 1940 తర్వాతి రూపాయిని గోటితో తడిమి చూడండి, గీతల మధ్యలో సన్నని గాడి తగులుతుంది. అది దొంగనాణేలని ఆపడానికట! తాము కల్తీ చేసిన సరుక్కి ఇంకెవడో కల్తీ చేస్తాడని భయం, ఎంత ముచ్చటో చూడండి. 1947 రూపాయికొచ్చేసరికి ఆ సగం వెండీ లేదు, మొత్తం నికెల్, వెనకాల ఓ పులి. పులి మాత్రం భలే ఉంటుంది, అది వేరే సంగతి.

ఇప్పుడు అసలు బాంబు. 2023లో రాష్ట్రపతి భవన్‌లో విడుదల చేసిన ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం ఉంది చూశారూ, మూడున్నర వేలు పైనే పెట్టి ఎగబడి కొన్నాం, అందులో ఏముంది? 50 వెండి, 40 రాగి, 5 నికెల్, 5 జింకు. అంకె కూడా మారలేదు! యుద్ధంలో తెల్లవాడు మనకి అంటగట్టిన పాళ్లే, ఇప్పుడు డబ్బాలో పెట్టి ఇస్తే కళ్లకద్దుకున్నాం. అన్నగారి మీద నాకేం కోపం లేదు బాబూ, ఫ్యాన్స్ ముందే కత్తులు తియ్యకండి.

సరే, ఇంట్లో పూజకి పెట్టిన రూపాయలుంటే తీసి, అంచు ఫొటో నాకు పంపండి. రాజుగారి ముఖం వద్దు, అది చూసీ చూసీ విసుగొచ్చింది. 1939 అని ఉంటే మాత్రం సంబరపడకండి, ఆ సంవత్సరానికి నకిలీలు బోలెడు.