పెద్దాయన్ని ఎక్కడికి తీసుకెళ్దాం?

శ్రోతలందరికీ నమస్కారమండీ. ఇవాళ చెప్పేది మన ఇళ్ళల్లో ఎవరూ ముందుగా ఎత్తని మాట, పొద్దున్నే మొదలెట్టాడేంట్రా అనుకోకండి. మనిషి పోయిన అరగంటలో, ఏడుపు మధ్యలోనే తేల్చాల్సిన సంగతి ఒకటుంటుంది, ఎక్కడ చేద్దాం అని.

మా బాబాయి పోయినప్పుడు చూశా. బెజవాడ సత్యనారాయణపురంలో అద్దెకుండేవాళ్ళు, రెండో అంతస్తు. హాస్పిటల్ నించి తీసుకొస్తున్నాం అని పిన్ని ఫోన్ చేస్తే ఇంటి ఓనరుగారు, మంచాయనే పాపం, మెల్లగా "నక్షత్రం చూపించారా అమ్మా" అన్నాడు. ధనిష్ఠ నించి రేవతి దాకా అయిదు నక్షత్రాల్లో పోతే ఇల్లు నెలల తరబడి మూసెయ్యాలంటారు కదా, ఆయన భయం ఆయనది, అద్దె పోద్దని. పిన్ని ఏం మాట్లాడలేదు, ఫోన్ పెట్టేసి చీరకొంగుతో బాబాయి కళ్ళజోడు తుడుస్తా కూర్చుంది. నాకైతే ఇప్పటికీ ఆ ఓనరు మీద కోపం పోలేదు.

సరే ఊరికి తీసుకెళ్దామన్నారు, తెనాలి దగ్గర. అక్కడ ఇల్లు అమ్మేసి చాలా ఏళ్ళయింది, ఫ్రీజర్ బాక్స్ పెట్టాలంటే నీడ కావాలి, కరెంటు కావాలి, చెల్లి అమెరికా నించి రావడానికి రెండ్రోజులు. ఆఖరికి పటమటలో మా మేనత్త, సొంతిల్లు కాబట్టి, నా తమ్ముణ్ణి నా వసారాలో పెట్టండి అంది. అంతే, ఊరా బెజవాడా అన్న వాదన అక్కడితో ఆగిపోయింది, కృష్ణలంక స్వర్గపురి శ్మశానం ఖాయమైంది, పక్కనే కృష్ణ, అస్థికలకీ దూరం పోనక్కర్లేదు.

గుంటూరు వాళ్ళకి బొంగరాలబీడు అంటే చాలు, శ్మశానమని వేరే చెప్పక్కర్లేదు. క్రైస్తవుల ఇళ్ళల్లో అమ్మానాన్నల సమాధి పక్కన చోటుందా అని ముందు చూస్తారు, ముస్లింలు ఆలస్యం చెయ్యరు, వీలైనంత తొందరగా జనాజా కదిలిపోద్ది. ఇంకోటి, దహనం ఏ ఊళ్ళో చేసినా మరణం రిజిస్టరయ్యేది మనిషి పోయిన చోటే, 21 రోజుల్లోపు చెప్పాలి, ఊరికి తీసుకెళ్ళినోళ్ళు తర్వాత ఆ పంచాయతీ చుట్టూ తిరుగుతుంటారు అనవసరంగా.

మాకు దింపుడు కళ్ళం ఎక్కడా అన్నది ఎవరికీ తట్టలేదు. ఊళ్ళో అయితే చెరువు దగ్గర చెట్టుంది, పాడె అక్కడ దించుతారు. ఇక్కడ వ్యాన్ డ్రైవరే స్వర్గపురికి కాస్త ఇవతల, రోడ్డు వారన ఆపి, "దించుతారా అన్నా" అన్నాడు. దించాం. పక్కనించి ఆటోలు, బైకులు. తమ్ముడు వంగి చెవిలో "నాన్నా" అని పిలిచాడు, రెండోసారీ పిలిచాడు, మూడోసారి సిటీ బస్సు హారన్ కొట్టింది, వాడు అది పోయేదాకా ఆగి మళ్ళీ పిలిచాడు.