బడి ఆఫీసు ఉద్యోగం: బయటి నుంచి వచ్చేవారికి

అందరికీ నమస్కారం.

వేరే పనుల నుంచి బడి ఆఫీసు ఉద్యోగానికి మారాలని రాసి, మీరు ముందుగా నాకు పంపిన దరఖాస్తులు చూశాను. చాలావాటిలో ఒకే మాట ఉంది: ‘పాఠశాలలో పనిచేసిన అనుభవం లేదు, అవకాశం ఇస్తే నేర్చుకుంటాను.’ దయచేసి ఆ వాక్యం కొట్టేయండి. అది వినయమే కావచ్చు, చదివేవారికి మాత్రం దానివల్ల మీ గురించి ఒక్క ముక్కా తెలియదు.

ప్రభుత్వ బడుల సంగతి ముందే చెప్పి పక్కన పెడతాను. అక్కడ జూనియర్ అసిస్టెంట్ కావాలంటే చాలావరకు గ్రూప్-4 పరీక్ష రాయాలి, లేదా కారుణ్య నియామకం ఉండాలి. నేను మాట్లాడేది ప్రైవేటు బడుల గురించి. అక్కడ కరస్పాండెంట్ గారో ప్రిన్సిపాల్ గారో ఎదురుగా కూర్చోబెట్టి పది నిమిషాల్లో తేల్చేస్తారు. ఈ మనిషి చేతికి అడ్మిషన్ రిజిస్టర్ ఇవ్వవచ్చా, కోపంగా వచ్చిన తండ్రి ముందు కూర్చోబెట్టవచ్చా అన్నదే వారి లెక్క.

రిజిస్టర్ అంటే అంత భయం ఎందుకో చెబుతాను. బిడ్డను చేర్చుకున్న రోజు అందులో రాసిన పేరు, పుట్టిన తేదీ టీసీలోకి, పదో తరగతి నామినల్ రోల్స్‌లోకి (పరీక్ష రాసే పిల్లల జాబితా), అక్కడి నుంచి ఎస్సెస్సీ మెమోలోకి వెళ్తాయి. ఆ తేదీ ఉద్యోగ విరమణ దాకా మనిషిని వదలదు. ఇక మన పేర్ల తంటా మీకు తెలిసిందే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, జనన ధ్రువపత్రంలో పొడి అక్షరం ఉంటుంది, అమ్మమ్మ నోట ఇంకో పేరు ఉంటుంది. ‘ఏదో ఒకటి రాసేయండి మేడమ్, తర్వాత మార్చుకుంటాం’ అంటారు. రాయకూడదు. బడుల, పిల్లల వివరాలు నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో పేరు ఆధార్‌తో కలవకపోతే ఆ బిడ్డకు అపార్ నంబరు, అంటే 12 అంకెల విద్యార్థి గుర్తింపు సంఖ్య, రాదు. పాత బడివారు ఆన్‌లైన్‌లో పిల్లవాడిని వదలకపోతే కొత్త బడివారు తమ జాబితాలోకి తీసుకోలేరు. ఆ ఫోన్లన్నీ చేయవలసింది ఆఫీసువారే. ఏళ్ల తర్వాత పాత విద్యార్థి స్టడీ సర్టిఫికెట్ కోసం వస్తాడు. తెలంగాణలో ఉద్యోగాలకు స్థానికత 1 నుంచి 7వ తరగతి వరకు కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదానితో తేలుతుంది. అతనికి ఉద్యోగం వస్తుందా రాదా అన్నది మీరు తీసే ఆ పాత పేజీ మీద ఆధారపడవచ్చు.

ఇప్పుడు మీ పాత పని చూడండి. ఆసుపత్రి రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో కూర్చున్నవారు రోజంతా పేర్లు, వయసులు, ఆధార్ నంబర్లు సరిచూశారు. మీసేవ కేంద్రంలో చేసినవారు ధ్రువపత్రంలో ఒక్క అక్షరం తేడా వస్తే ఏమవుతుందో కళ్లారా చూశారు. చిట్‌ఫండ్ ఆఫీసులో సాయంత్రానికి నగదు, రసీదు పుస్తకం సరిపోయేదాకా లేవనివారికి ఫీజు కౌంటర్ కొత్త కాదు. దరఖాస్తులో ఇదే రాయండి. రోజుకు ఎంతమందిని చూశారు, ఏ కాగితాలు పట్టుకున్నారు, తేడా వస్తే ఏం చేశారు. ‘కస్టమర్ సర్వీస్‌లో అనుభవం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు.

వెళ్లేముందు కాస్త చదువుకుని వెళ్లండి. ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. 28తో మొదలైతే ఆంధ్రప్రదేశ్, 36తో మొదలైతే తెలంగాణ. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ చూడండి. దాని కిందకు వచ్చే పిల్లలకు టీసీ ఆలస్యమైందన్న కారణంతో ప్రవేశం ఆపకూడదు. చాలా బడుల్లో ఏళ్లుగా ఉన్నవారికే ఈ సంగతి తెలియదు, నాకు అది ఎప్పుడూ వింతే.

ఎక్సెల్‌లో పరీక్ష పెడతారు. ఆధార్ నంబర్లు కొట్టమంటే ముందుగా ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చండి. లేకపోతే 12 అంకెలూ కనిపించకుండా చివర్లో ‘E+11’ అని వస్తుంది. అడగకుండానే అలా మార్చినవారిని చూస్తే నాకు సగం ఇంటర్వ్యూ అయిపోయినట్టే.

ఇంకో ప్రశ్న వస్తుంది: ‘మధ్యాహ్నం ఒకాయన వచ్చి, నేను పాప బాబాయిని, ఇంటికి తీసుకెళ్తానన్నాడు. పంపిస్తారా?’ గుర్తింపు కార్డు చూస్తాను అని ఆగిపోతారు చాలామంది. కార్డు ఉంటే సరిపోదు. రిజిస్టర్‌లో ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేసి తల్లిదండ్రులతో మాట్లాడాలి, ఆయన కలిపి ఇచ్చిన ఫోన్‌లో కాదు. వారు దొరికేదాకా పాప క్లాసులోనే ఉంటుంది. అలాగే ఏ తల్లి నంబరూ ఎవరికీ ఇవ్వకూడదు.

వెళ్లడానికి మంచి కాలం మార్చి, ఏప్రిల్. జూన్‌లో బడి తెరిచాక వెళ్తే ఆఫీసువారికి తల ఎత్తే తీరిక ఉండదు. ఉదయం బెల్లు వేళ కూడా వద్దు, పదకొండు దాటాక వెళ్లండి. మే నెల అడ్మిషన్ల రద్దీకి తాత్కాలికంగా పిలిస్తే కాదనకండి. మనిషి పని చూశాక వదులుకోవడానికి యాజమాన్యాలు ఇష్టపడవు.

చేదు సంగతులూ చెప్పాలి. చిన్న బడుల్లో జీతం తక్కువ. ఫీజు బాకీల కోసం తల్లిదండ్రులకు ఫోన్ చేసే పని మీ మీదే పడుతుంది, వారి మాటలు మీరే పడాలి. హాల్‌టికెట్ ఆపి ఫీజు రాబట్టమనే చోటు కూడా తగలవచ్చు. అలాంటి చోట ఎక్కువ రోజులు ఉండవద్దని నా సలహా. ఉద్యోగుల ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టుకునే బడులున్నాయి. చూపించండి, జిరాక్సులు ఇవ్వండి, ఒరిజినల్స్ మీతోనే తెచ్చుకోండి. పనివేళలు, జీతం తేదీ, సెలవులు కాగితం మీద రాయించుకోండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. ఎక్సెల్ సంగతి తేలనివారు ముందుకు రండి, కంప్యూటర్ ఇక్కడే ఉంది, చేసి చూద్దాం.