కార్డు కన్నా ముందు కవరు లెక్క

అక్క: అందరికీ నమస్తే అండి. ఇయ్యాల ముచ్చట చేత్తో చేసే గ్రీటింగ్ కార్డులు, వాటికి జోడీ కవర్లు. ఉగాదికి చేసినా, రంజాన్‌కు చేసినా, బారసాలకు చేసినా కాగితం పని ఒక్కటే.

తమ్ముడు: అక్కా, చాలామంది ముందుగాల మెరుపులు, పూలు, లేసులు కొనుక్కొస్తరు. కార్డు మొత్తం తయారైనంక కవరు కోసం కోఠిల దుకాణాల పొంట తిరుగుతరు.

అక్క: ఇబ్బంది అక్కడ్నే మొదలైతది. కార్డు కొలత, కవరు కొలత రెండూ కలిపి ముందే తేల్చుకోవాలె, అలంకారం ఆఖరుకు. ఏ4 షీటు తీసుకోండి, 210 × 297 మిల్లీమీటర్లు. పొడుగును సగానికి కోస్తే 210 × 148 ముక్కలు రెండు వస్తయి. ఒక్కో ముక్కను మడిస్తే 105 × 148 కార్డు. అంటే ఒక్క షీటుకు రెండు కార్డులు.

తమ్ముడు: షీటును కొయ్యకుండ అట్లనే సగానికి మడిస్తే పెద్ద కార్డు వస్తది గదా?

అక్క: వస్తది, కానీ మందం కాగితమైతే మడత మీద పగుళ్లొస్తయి. దానికి కారణం గ్రెయిన్, అంటే కాగితంల పీచు పరుచుకున్న దిక్కు. మిల్లుల కాగితం తయారయ్యేటప్పుడు పీచు ఎక్కువగ యంత్రం నడిచే దిక్కుకే పరుచుకుంటది. పీచు వెంబడి మడిస్తే మడత నున్నగ పడతది. అడ్డంగ మడిస్తే పీచు విరిగి అంచు గరుకైతది, రంగు షీటైతే లోపలి తెలుపు బయటపడతది. మనకు దొరికే ఏ4 షీట్లల్ల చాలావరకు గ్రెయిన్ పొడుగు వైపే ఉంటది. అందుకే మొత్తం షీటు మడిచిన పెద్ద కార్డు పగులుతది, అదే షీటును సగానికి కోసి మడిచిన చిన్న కార్డు పగలదు. చిన్న కార్డుల మడత గ్రెయిన్ వెంబడి పోతది.

తమ్ముడు: షీటు చూసి గ్రెయిన్ ఎటుందో ఎట్ల తెలుస్తది?

అక్క: మడత పడకుండ ఎదురెదురు అంచులను దగ్గరికి తెచ్చి, వంపు మీద అరచెయ్యి పెట్టి మెల్లగ నొక్కండి. తర్వాత ఇంకో దిక్కు నుంచి అట్లనే చెయ్యండి. ఏ దిక్కుల సులువుగ వంగితే గ్రెయిన్ ఆ వంపు వెంబడి ఉన్నట్టు. తేడా చేతికే తెలిసిపోతది. హ్యాండ్‌మేడ్ పేపర్‌కు ఈ బాధ దాదాపు లేదు. దాన్ని జాలి మీద ఎత్తుతరు గనక పీచు అన్ని దిక్కులకూ పడతది.

తమ్ముడు: మందం సంగతి చెప్పు. చార్ట్ పేపర్ సరిపోతదా?

అక్క: చార్ట్ నిలబడదు, నాలుగు రోజులకు వాలిపోతది. కార్డుకు 250 నుంచి 300 జీఎస్ఎం తీసుకోండి, కవరుకు 100 నుంచి 120. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములుంటదో ఆ లెక్క. 80 జీఎస్ఎం కవరైతే లోపలి కార్డు రంగు బయటికి కనపడతది. 200 దాటితే మూలల దగ్గర కాగితం మీద కాగితం పడి ఉబ్బుతది, మూత మూసుకోదు. హైదరాబాద్ ఛత్తాబజార్‌ల పెళ్లి కార్డుల దుకాణాలు వరసగ ఉంటయి. ఒకసారి అక్కడ రకరకాల కార్డులు చేతిల పట్టుకుని వంచి చూడండి, అంకెలు చదివినదాని కంటే ఎక్కువ అర్థమైతది.

తమ్ముడు: ఇగ మడత పెట్టుడు.

అక్క: చేత్తో నేరుగ మడవద్దు. ముందు క్రీజ్ వెయ్యాలె, అంటే మడత వచ్చే చోట గాడి గీయాలె. బోన్ ఫోల్డర్ అని కాగితం అణగ గీసే మొద్దు మొన పనిముట్టు ఉంటే మంచిది, లేకుంటే సిరా అయిపోయిన బాల్ పెన్ చాలు. కింద నాలుగైదు పాత పేపర్లు పరిచి, స్టీల్ స్కేల్ పెట్టి రెండుసార్లు గీయండి. కాగితం కోసుకుపోవద్దు, అణగాలె అంతే. గాడి ఒకవైపు పడతది, దాని వెనక సన్నని గట్టు లేస్తది. ఆ గట్టు మడత లోపలికి రావాలె, గాడి బయటికి. చాలామంది గాడి లోపలికే మడుస్తరు. అప్పుడు బయటి పొర ఇంకా సాగాల్సి వస్తది, అక్కడే చిట్లుతది.

తమ్ముడు: కోసేటప్పుడు కూడ అంచులు పీచు లేస్తయి చూడు.

అక్క: ఒక్క దెబ్బకు కొయ్యాలని చూస్తే అట్లనే అయితది. 300 జీఎస్ఎంకు కట్టర్‌తోని మూడు నాలుగు తేలిక గీతలు. స్కేల్‌ను మనకు కావాల్సిన ముక్క మీద పెట్టాలె. అప్పుడు బ్లేడు జారినా చెడిపోయేది పక్క ముక్కే. మొన మొద్దుబారితే ఆ భాగం విరిచెయ్యండి, దాంట్ల పొదుపు చెయ్యొద్దు.

తమ్ముడు: ఇప్పుడు అందరూ భయపడే దగ్గరికొద్దాం. కవరు.

అక్క: 105 × 148 కార్డుకు 20 సెంటీమీటర్ల చతురస్రం కావాలె. ఏ4 వెడల్పు 21 గనక ఒక్క షీట్ల వచ్చేస్తది. చతురస్రాన్ని మూల మీద నిలబెట్టినట్టు తిప్పుకోండి, ఒక మూల మన దిక్కుకు రావాలె. కార్డును సరిగ్గ నడుమల అడ్డంగ పెట్టండి. కార్డు చుట్టూ 3 మిల్లీమీటర్లు వదిలి పెన్సిల్‌తోని నాలుగు గీతలు గీయండి. లోపల 154 × 111 దీర్ఘచతురస్రం వస్తది. ఆ గీతల మీదనే క్రీజ్.

తమ్ముడు: ఆ 3 మిల్లీమీటర్లు లేకుంటే?

అక్క: కార్డు లోపలికైతే పోతది, తీసేటప్పుడు కవరు చినుగుతది. కార్డు మీద పొరలు, రిబ్బన్లు ఉంటే 3 చాలదు, 5 వదలండి, చతురస్రం కూడ అరసెంటీమీటరు పెంచండి. ఆ తర్వాత ముఖ్యమైన పని. గీతలు కలిసే నాలుగు చోట్ల, కాగితం అంచు దగ్గర, చిన్న త్రికోణాలు మిగులుతయి. క్రీజ్ గీతల వెంబడే వాటిని కోసి తీసెయ్యాలె. అవి ఉంటే రెండు రెక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటయి, మూల మొద్దుగ వస్తది. కొన్న కవర్ల మూలలు పదునుగ ఉండేది ఈ కోత వల్లనే.

తమ్ముడు: పక్క రెక్కలు రెండూ నడుమల కలవవు గదా అక్కా, రెండు సెంటీమీటర్ల పైన ఖాళీ కనపడతది.

అక్క: కలవాల్సిన పని లేదు. కింది రెక్క పైకి వచ్చి రెండింటి కొసలనూ కప్పేస్తది. ముందు పక్క రెక్కలు మడిచి, కింది రెక్క అంచులకు మాత్రమే గ్లూ స్టిక్ రాసి అంటించాలె. నడుమల జిగురు తగిలిందంటే కవరు లోపలే అతుక్కుపోతది.

తమ్ముడు: ఫెవికాల్ వద్దంటవా?

అక్క: తెల్ల జిగురుల నీళ్లుంటయి. పల్చటి కాగితం నీళ్లు పీల్చుకుని సాగుతది, ఆరినంక ముడతలు పడతది. పూసలు, చెక్క ముక్కల లాంటి బరువైనవి అంటించుటానికి అది మంచిగ పనికొస్తది. కాగితం మీద కాగితానికి గ్లూ స్టిక్ లేదా డబుల్ సైడ్ టేప్. వానకాలంల ఇంకో జాగ్రత్త, గాలిల తేమకు పెద్ద షీట్లు వంకర తిరుగుతయి. కోసే ముందు, అంటించినంక కూడ, మందం పుస్తకాల కింద ఒక రాత్రి ఉంచండి.

తమ్ముడు: కవరు లోపల పూల కాగితం వేస్తే చూడముచ్చటగ ఉంటది.

అక్క: ఉంటది. ఆ లోపలి పొరను కవరు కంటే అన్ని వైపులా 5 మిల్లీమీటర్లు చిన్నగ కొయ్యండి. మూత కొస దగ్గర మాత్రమే అంటించండి, మిగతాది వదులుగ ఉంచండి. మొత్తం అంటిస్తే మూత మడిచినప్పుడు లోపలి కాగితం జరగలేక ముడత పడతది.

తమ్ముడు: తెలుగుల రాసుడు గురించి చెప్పు. ఇంగ్లీషు కార్డుల కొలతలు చూసి గీతలు గీస్తే తెలుగు అక్షరాలు ఇరుక్కుపోతయి.

అక్క: మనకు పైన గుడులు, కింద ఒత్తులు. ‘శుభాకాంక్షలు’ రాస్తే క్ష కిందికి దిగుతది. ‘పెళ్లిరోజు’ల ళ్లి పైకీ పోతది, కిందికీ దిగుతది. అక్షరం ఎత్తు 6 మిల్లీమీటర్లైతే ఒక వరుస నుంచి ఇంకో వరుసకు 15, 16 ఉండాలె. తేలిక పెన్సిల్ గీతలు గీసి, సిరా పూర్తిగ ఆరినంకనే రబ్బర్ పట్టండి. హ్యాండ్‌మేడ్ పేపర్ సిరాను పీల్చి అంచులు పాకిస్తది, అందుకని అదే కాగితం తుంట మీద ముందు రాసి చూడండి. అక్షరాలు కోసి కింది రంగు కనపడేటట్టు చేస్తే సున్న నడిమి ముక్క ఊడి పడతది. రెండు చోట్ల 2 మిల్లీమీటర్లు కొయ్యకుండ వంతెన లెక్క వదలాలె.

తమ్ముడు: పెళ్లిళ్లకు చదివింపుల కార్డు అడుగుతరు అక్కా. 516, 1116 పెట్టేటట్టు.

అక్క: దానికి కొలత మారుతది. ఇప్పటి 500 నోటు 150 × 66 మిల్లీమీటర్లు. మన 148 కార్డుల పెడితే నోటు బయటికి తొంగిచూస్తది. కాబట్టి ఏ4 పొడుగు నుంచి 160 కోసుకోండి, 210 వెడల్పు అట్లనే ఉంచి సగానికి మడవండి. 160 × 105, పైకి తెరుచుకునే కార్డు. మడత గ్రెయిన్ వెంబడే ఉంటది. లోపల కింది సగం మీద 160 × 45 పట్టీని పక్కలకు, కిందికి 3 మిల్లీమీటర్ల డబుల్ సైడ్ టేప్‌తోని అంటిస్తే జేబు తయారు. నోటుకు 154 జాగ దొరుకుతది. కవరుకు 21 సెంటీమీటర్ల చతురస్రం, ఏ4 పూర్తి వెడల్పు. రూపాయి నాణేనికి పక్కన వేరే చిన్న జేబు పెట్టండి, వదులుగ ఉంటే జారి కవరు మూల చింపుతది.

తమ్ముడు: దాన్ని పోస్టుల పంపొచ్చా?

అక్క: వద్దు. డబ్బు కార్డు చేతికే ఇయ్యండి. మామూలు కార్డు పంపొచ్చు. 250 జీఎస్ఎం చిన్న కార్డు సుమారు 8 గ్రాములు, 120 జీఎస్ఎం కవరు 5 లోపు, లోపల రాసే పల్చటి కాగితం ఇంకో రెండున్నర. ఉత్తరానికి మొదటి ధర 20 గ్రాముల వరకే, దాంట్లనే వచ్చేస్తది. పూసలు, అద్దాలు అంటిస్తే బరువు దాటుతది, ముద్ర దెబ్బకు పగిలి కార్డుకే గీతలు పడతయి. పోస్టుకు చేసేదైతే బల్లపరుపుగ ఉంచండి, పొరలు రెండు చాలు. మూతను స్టిక్కర్‌తోని వదిలెయ్యకుండ అంచు పొడుగూతా అంటించండి, చిరునామాను నీళ్లకు కరగని సిరాతోని రాయండి. వానకాలంల పోస్టు సంచులు తడుస్తయి.