బ్యాంకు ఉత్తరం ఎవరి చేతికి వచ్చింది?

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు అధ్యక్షులవారు చెప్పేశారు కాబట్టి నేను నేరుగా విషయంలోకి వస్తాను. లిస్టెడ్ కంపెనీల, అంటే స్టాక్ మార్కెట్‌లో షేర్లున్న కంపెనీల గవర్నెన్స్ నియమాల్లో ఏం మార్చాలో చెప్పమన్నారు. మూడు అంశాలు రాసుకొచ్చాను.

హైదరాబాద్‌లో ఈ మాట ఎత్తితే సత్యం కంప్యూటర్స్ కుంభకోణం గుర్తుకు రాక మానదు. 2008 డిసెంబర్ 16న ఆ కంపెనీ బోర్డు, దాని ప్రమోటర్, అంటే కంపెనీ పెట్టి నడిపించిన రామలింగరాజు కుటుంబంతో ముడిపడిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పుకుంది. ఆ బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసర్ ఉన్నారు, బిజినెస్ స్కూల్ డీన్ ఉన్నారు. ఇన్వెస్టర్లు భగ్గుమంటే గంటల్లోనే వెనక్కి తగ్గారు.

అలాంటి కొనుగోలుకు ఆ తర్వాత అడ్డుకట్ట పడింది. ప్రమోటర్ల సొంత సంస్థలతో లావాదేవీ 1,000 కోట్లు గానీ, టర్నోవర్‌లో 10 శాతం గానీ, ఏది తక్కువైతే అది దాటితే వాటాదారుల ఓటు తప్పనిసరి అయింది. సంబంధిత పక్షాలు దానికి అనుకూలంగా ఓటేయకూడదు. మంచి నియమం. కానీ 2025లో మన మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఈ హద్దును సడలించింది. టర్నోవర్ 50,000 కోట్లుంటే హద్దు 1,000 నుంచి 3,250 కోట్లకు పోయింది. రోజువారీ సరుకు కొనుగోళ్లకు కూడా ఓటింగ్ పెట్టాల్సి వస్తోందన్న పెద్ద కంపెనీల బాధ నిజమే. అయితే సరుకు వేరు, ప్రమోటరు భూములు కొనడం వేరు. బ్రాండు రాయల్టీకి 5 శాతమని విడిగా హద్దు ఉంది కదా, ఆస్తుల కొనుగోలుకూ అలాగే విడిగా పెట్టాలి.

రెండోది ఇండిపెండెంట్ డైరెక్టర్ల, అంటే ప్రమోటరుతో సంబంధం లేకుండా బోర్డులో కూర్చోవాల్సినవాళ్ల నియామకం. 2022 జనవరి నుంచి దీనికి ప్రత్యేక తీర్మానం కావాలి, అంటే పోలైన ఓట్లలో 75 శాతం. ప్రమోటర్ వాటా 75 శాతం దాకా ఉండొచ్చు. ఇక చూడండి, బయటివాళ్లంతా వద్దన్నా ఆయన మనిషే డైరెక్టరు! సాధారణ వాటాదారుల ఓట్లను విడిగా లెక్కించి, వాళ్లలోనూ మెజారిటీ రావాలన్న ప్రతిపాదన 2021లో సెబీయే పెట్టింది, చివరికి తప్పనిసరి చేయకుండా వదిలేసింది; 2022లో, ప్రత్యేక తీర్మానం ఓడితే వాడుకునే రెండో దారిగా మాత్రమే తెచ్చింది. దాన్ని అందరికీ తప్పనిసరి చేయాలి.

మూడోదానికే మిగతా సమయమంతా ఇస్తాను. రామలింగరాజు తప్పు ఒప్పుకుంటూ రాసిన 2009 జనవరి 7 నాటి లేఖ గుర్తుంది కదా? పుస్తకాల్లో 5,361 కోట్లుగా చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవు. ఆ లేని డబ్బు మీద రావాల్సిన వడ్డీ అంటూ 376 కోట్లు రాసుకున్నారు. ఎలా సాగింది? ఈ డబ్బు మీ దగ్గర నిజంగా ఉందా అని బ్యాంకులకు ధ్రువీకరణ ఉత్తరాలు పంపే పని, జవాబులు తీసుకునే పని ఆడిటర్లు కంపెనీ చేతుల్లోనే పెట్టేశారని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ 2011లో తేల్చింది. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే కదండీ!

పద్ధతి కష్టమైనదేమీ కాదు. ఉత్తరం మీద సంతకం కంపెనీది, పోస్టు చేయాల్సింది ఆడిటరు. బ్రాంచి చిరునామా కంపెనీ ఇచ్చింది కాకుండా తనే వెతికి పట్టుకోవాలి. జవాబు నేరుగా తన ఆఫీసుకే రావాలి. ఈమెయిల్‌లో వస్తే అది బ్యాంకు డొమైన్ నుంచే వచ్చిందా అని చూడాలి. సున్నా నిల్వ ఉన్న ఖాతాలకూ, ఆ ఏడాది మూసేసిన ఖాతాలకూ రాయాలి. జవాబు రాకపోతే కంపెనీ ఇచ్చిన డిపాజిట్ రసీదు జిరాక్సుతో సరిపెట్టుకోకూడదు, బ్రాంచికి వెళ్లాలి. ఇంకో చిన్న పరీక్ష ఉంది. ఇక్కడి బ్యాంకులో డిపాజిట్ ఉంటే వడ్డీ మీద బ్యాంకు టీడీఎస్, అంటే ముందే పట్టుకునే పన్ను కోస్తుంది, అది పన్ను శాఖ దగ్గరి కంపెనీ లెక్కలో కనబడుతుంది. పుస్తకాల్లోని వడ్డీని దానితో పోల్చాలి. తేడా వస్తే అక్కడే ఆగిపోవాలి.

ఆడిటింగ్ ప్రమాణాల్లో ఉత్తరాల అదుపు ఆడిటరుదేనని ఉంది. కానీ అది పాటించారో లేదో వాటాదారుకు తెలిసే దారి లేదు. కాబట్టి సెబీ నియమాల్లో ఒక్క వాక్యం చేర్చమంటున్నాను: ఎన్ని బ్యాంకులకు రాశారు, ఎన్ని జవాబులు నేరుగా వచ్చాయి, రానివాటికి ఏం చేశారు అన్న మూడు వివరాలు, లెక్కల తనిఖీని చూసుకునే డైరెక్టర్ల బృందమైన ఆడిట్ కమిటీ మినిట్స్‌లోకీ, వార్షిక నివేదికలోకీ ఎక్కాలి. దీనికి పైసా ఖర్చు లేదు. కాగితాలు ఆడిటరు ఫైల్లో ఇప్పటికే ఉండాలి. లేకపోతే అదే పెద్ద వార్త.

మీలో చాలామందికి షేర్లున్నాయి. నియమం మారేదాకా ఆగక్కర్లేదు. ఏజీఎంకు, అంటే వాటాదారుల వార్షిక సభకు, ఆడిట్ కమిటీ చైర్మన్ రావాలి, మన ప్రశ్నలకు జవాబు చెప్పాలి, నియమం అదే. లేచి నిలబడి అడగండి: "అయ్యా, బ్యాంకు జవాబులు మొదట ఎవరి చేతికి వచ్చాయి?"