రక్తం ఎక్కడి నుంచి తీశారు?

శ్రోతలకు నమస్కారం.

మార్చురీ గుమ్మం దగ్గర నిలబడే తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటే: "డాక్టరుగారూ, మావాడు దేనివల్ల పోయాడు?" రాత్రి స్నేహితులతో బయటికి వెళ్లిన పిల్లవాడు తెల్లవారేసరికి లేడు. ఒంటిమీద గాయం లేదు. జేబులో చిన్న ప్లాస్టిక్ పొట్లం. అది చూడగానే చుట్టూ ఉన్నవాళ్లందరూ కారణం చెప్పేస్తారు. నేను మాత్రం అప్పటికప్పుడు చెప్పలేను. ఎందుకు చెప్పలేనో ఈ రోజు వివరిస్తాను.

అలాంటి పొట్లాల్లో దొరికే మెథాంఫెటమిన్, ఎండీఎంఏ, మెఫెడ్రోన్ వంటి మత్తుమందులు చేలో పండేవి కావు, ప్రయోగశాలలో పుట్టినవి. మెథాంఫెటమిన్‌ను జపాన్ శాస్త్రవేత్త నగాయి 1893లోనే తయారు చేశారు. ఇవి మనిషిని నిద్రపుచ్చవు. గుండెను పరుగెత్తిస్తాయి, రక్తపోటు పెంచుతాయి, ఒంట్లో వేడి పుట్టిస్తాయి. మన విశాఖ ఉక్కపోత మీకు తెలిసిందే. చెమట కారుతుంది కానీ ఆరదు; ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది! అలాంటి రాత్రి గంటల తరబడి గెంతులేస్తే శరీర ఉష్ణోగ్రత 41 డిగ్రీల సెల్సియస్ దాటవచ్చు. కండరాలు దెబ్బతిని, వాటి నుంచి విడుదలైన పదార్థాలు మూత్రపిండాలను పాడుచేస్తాయి. కొందరికి గుండె లయ తప్పుతుంది, కొందరికి మెదడులో రక్తనాళం చిట్లుతుంది.

ఇక శవపరీక్ష. ప్రాణం పోయాక కూడా ఒంట్లో ఈ మత్తుమందు కదులుతూనే ఉంటుంది. ఊపిరితిత్తులు, కాలేయం, గుండె కండరం పీల్చుకున్న మందు మెల్లగా పక్కనున్న రక్తంలోకి ఊరుతుంది. అందువల్ల గుండెలోంచి తీసిన రక్తంలో, చనిపోయిన క్షణంలో ఉన్నదానికంటే ఎక్కువ మోతాదు కనిపించవచ్చు. తొడ సిరను పైన ముడివేసి, దాని కింది నుంచి రక్తం తీయమని మా విద్యార్థులకు పదేపదే చెబుతాను. సీసా మీద "రక్తం" అని మాత్రమే రాసి పంపితే నాకు కోపం వస్తుంది. ఎక్కడి రక్తమో తెలియకుండా, పరీక్షలో మందు ఇంత ఉందని వచ్చిన అంకెను ఏం చేసుకోవాలి?

దాచడంలోనూ జాగ్రత్త కావాలి. రక్తం చెడిపోకుండా సోడియం ఫ్లోరైడ్ అనే రసాయనం కలపాలి, చల్లగా ఉంచాలి. మెఫెడ్రోన్ జాతి మందులు సీసాలోనే విరిగిపోతాయి. ఎండలో ఒక రోజు తిరిగిన నమూనాలో మందు దొరకలేదంటే, అతను తీసుకోలేదని అర్థం కాదు. ఇందుకు తారుమారుగానూ జరుగుతుంది. శరీరం కుళ్లేటప్పుడు పుట్టే కొన్ని రసాయనాలను తొలి పరీక్ష ఈ మందులుగా పొరబడవచ్చు. పార్కిన్సన్స్ జబ్బుకు వాడే సెలెజిలిన్ అయితే శరీరంలో నిజంగానే ఒక రకం మెథాంఫెటమిన్‌గా మారుతుంది. రోజూ మందు బిళ్ల వేసుకునే పెద్దాయన మీద నింద పడకూడదు కదా! అందుకే తొలి పరీక్షతో ఆగకుండా, అణువుల బరువును బట్టి పదార్థాన్ని గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటరుతో నిర్ధారించాలి; సెలెజిలిన్ వాడినవారి విషయంలో అది ఏ రకం మెథాంఫెటమినో కూడా విడిగా చూడాలి. మన విశాఖలోని ప్రాంతీయ ఫోరెన్సిక్ ప్రయోగశాల వంటి చోట్ల నుంచి నివేదిక వచ్చేదాకా ఎదురుచూడటం కుటుంబానికి నరకమే. అయినా తొందరపడమని నేను అనను.

అంకె సరిగ్గా వచ్చినా పని పూర్తికాదు. అలవాటైన మనిషి తట్టుకున్న మోతాదు, మొదటిసారి తీసుకున్నవాడి ప్రాణం తీయవచ్చు. "ఇంత దాటితే చావే" అనే గీత ఈ మందులకు లేదు. చివరి గంటల్లో ఏం జరిగిందో ఎవరో ఒకరు చెప్పాలి.

ఒక కేసులో ఆ మాట చెప్పడానికి స్నేహితుడు రెండు రోజులు భయపడ్డాడు. మూడో రోజు వచ్చి, "వాడి చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది సార్, చలేస్తోందని మేం దుప్పటి కప్పాం" అన్నాడు. అప్పుడే 108కి ఫోను చేసి, ఏం తీసుకున్నాడో చెప్పి, బట్టలు వదులు చేసి తడిగుడ్డతో తుడిచి ఉంటే? ఆ ప్రశ్న అతన్ని నేను అడగలేదు. అతను చెప్పింది చెప్పినట్టు రాసుకుని, సంతకం తీసుకుని, బయట బెంచీ మీద కూర్చున్న తల్లి దగ్గరికి వెళ్లాను.